ముడేసిన బొమ్మల మూట

ఖమ్మం నుంచి.

మా పెద్దక్కకు నీ చిన్న చెల్లె ముత్తమ్మ నీ కాళ్లు మొక్కి రాయిస్తున్న సంగతులు. ఇక్కడ నేను, నా కొడుకు రమేషు, కోడలు స్వాతి, మనుమడు అక్కి, మనుమరాలు చిన్ని, అందరం మంచిగున్నం. వేళకు తింటున్నం, వేళకు పంటున్నం. అక్కడ నువ్వెట్లున్నవ్ అక్కా? మోకాళ్ల నొప్పులు తగ్గినయా? నీ కోడలు సత్తెమ్మ పొద్దుగాల జావ కాచి పోస్తుందా, చాయతోనే సరిపెడుతుందా? గోదారి ఈసారి మన చేను అంచుదాక వచ్చి పోయిందని విన్న. మిరప తోట నిలబడ్డదా? నల్లమేక ఈనిందా? అన్నీ వివరంగ తెలుపాలె.

ఫోను ఉండంగ ఉత్తరమెందుకని సత్తెమ్మ నవ్వుతుంటది. నవ్వనీ. ఫోన్ల నీకు వినపడదు. నీకు వినపడేటట్టు నేను అరిస్తే ఇక్కడ కింది ఇంటోళ్లు మెట్లెక్కి వస్తరు. సత్తెమ్మా, మీ అత్తకు కుడిచెవి దిక్కు కూర్చొని చదువు. గట్టిగ చదువు, ఏదీ ఇడిచిపెట్టకు.

ఇది రాస్తున్నది స్వాతి. అవ్ అక్కా, నా కోడలే. నేను ఎవరి మీద చెప్పబోతున్ననో ఆమె కన్నబిడ్డ చేతనే రాయిస్తున్న. రమేషుకు చెప్తే సగం మింగుతడు. తల్లి మాట, పెండ్లాం మాట రెండూ మింగుడు వానికి అలవాటైంది. స్వాతి మింగదు, అడుగుతది. 'ఇది కూడా రాయమంటారా అత్తయ్యా?' అని ఇప్పటికే ఒకసారి అడిగింది. అన్నీ రాయమన్న.

పోయిన వారం దుమ్ముగూడెం బస్సెక్కుతున్న మన కోటయ్యతోని నీకు కబురు చేసిన. 'నేను వచ్చేస్తున్న, ఇంక ఖమ్మం మొహం చూడ, నా అర్ర ఊడ్చిపెట్టు' అన్న. నువ్వు ఊడ్చే ఉంటవ్, అలికి కూడ ఉంటవ్. ఎందుకు ఏందని అడిగితే కోటయ్యకు చెప్పలే. వానికి చెప్తే గూడెమంతటికి చెప్పినట్టే. ఆ మాట ఎందుకన్ననో, ఉంటనో వస్తనో ఇప్పుడు చెప్తున్న. మొత్తం విని పంచాయితీ నువ్వే చెప్పాలె. చిన్నప్పటి సంది నా పంచాయితీలన్నీ చెప్పింది నువ్వే.

ముందు ఇక్కడి బతుకు చెప్తా. బడులు తెరిచిన్నాడు వచ్చిన కద, స్వాతి దవాఖానా ల్యాబుల పనికి చేరితే పిల్లల్ని చూసుకునేటందుకు. మేడ మీద ఇల్లు, కిరాయిది. వాకిలి లేదు. మెట్ల మీద అరచెయ్యంత జాగుంటే దాంట్లనే ముగ్గు వేస్తున్న, అది కూడ చెప్పుల కింద పోతది. చలికాలం వచ్చిందంటరు గానీ మన అడవి చలి లెక్క ఎముకల్ల దిగేది కాదు, ఉత్తగ గోకి పోతది. కూరగాయలు చూస్తే నిగనిగ, నోట్ల పెడితే నీళ్లు. వెదురు కొమ్ముల కూర తినక ఎన్నాళ్లయిందో. ఎదురింటామె తలుపు ఎప్పుడూ వేసే ఉంటది. మాట్లాడాల్నంటే గంట కొట్టాలె. గంట కొట్టి పిలిచి ఏమని మాట్లాడాలె అక్కా? అందుకని పిల్లలు బడికి పోయినంక టీవీ పెట్టుకొని టీవీకే సమాధానం చెప్తున్న. దిగులుపడకు, నాకేం తక్కువ లేదు. మంచిగనే చూసుకుంటున్నరు.

తక్కువ లేదన్న కద, ఎక్కువైంది ఒకటుంది. బొమ్మలు.

అక్కా, నువ్వు చూస్తే నమ్మవు. కాలు పెట్టిన కాడల్లా బొమ్మ. సోఫా కింద బొమ్మ, బట్టలల్ల బొమ్మ. ఒకనాడు కందిపప్పు కడుగుతుంటే చేతికి ఏదో గట్టిగ తగిలింది, తీసి చూస్తే ప్లాస్టిక్ ఏనుగు. ఒకదానికొకటి తగిలిచ్చి ఇండ్లు కట్టుకునే ముక్కలుంటయి, అవి కాలికింద పడితే పల్లేరుకాయ నయం. ఇంక పుస్తకాలు. మంచం మీద, మంచం కింద, టీవీ మీద, ఆఖరికి నా తలగడ కింద. పోరడు ఆరేండ్లోడు, ఒకటో తరగతి. వానికి ఎన్ని పుస్తకాలున్నయో అన్ని మన గూడెం బడిల లేవు.

స్వాతి మంచి పనిమంతురాలు. ఆమె మొహం మీదనే చెప్తున్న, రాయనీ. డబ్బాలు కొనుక్కొచ్చింది. ముక్కలకొకటి, కార్లకొకటి, వంట సామాన్లకొకటి. దేనికి దానికి చీటీ రాసి అంటిచ్చింది. నాకు చీటీలు ఏం తెలుస్తయి? ముక్కల డబ్బాకు ఎర్ర దారం, కార్ల డబ్బాకు నల్ల దారం కట్టుకున్న, పని నడిచింది. పొద్దుగాల సర్దుత, సందెకు మల్ల సర్దుత. చేన్ల కలుపు తీస్తే వారమన్న ఆగుతది. ఈ పిల్లలు వెనక తిరిగేలోపల్నే మల్ల మొలిపిస్తరు.

సర్దుడుకు నాకు బాధ లేదు. ఎవరి బొమ్మలు సర్దుతున్ననో అదే బాధ.

కల్లూరామె తెచ్చినవి అక్కా. స్వాతి వాళ్లమ్మ. పిల్లలు ఇష్టపడి చేసుకున్నప్పుడు పెండ్లిల చూసినవ్ కద, ఎర్రగ, పొడుగ్గ, మెడనిండ వేసుకొని నిలబడ్డామె. వాళ్లు కింద కోస్తా జిల్లాల నుంచి ఎన్నడో వచ్చి కల్లూరు దిక్కు భూములు చేసుకున్నోళ్లు. మాట మెత్తగ ఉంటది. 'వదినగారూ, మీరెందుకండీ శ్రమ పడతారు, కూర్చోండి' అంటది. నా కొడుకు ఇంట్ల నన్ను కూర్చోమంటది! కారేసుకొని వస్తది. వెనక డిక్కీ తెరిస్తే సంత లెక్కుంటది. చక్రాలు తిరిగే కారు, మాట్లాడే కుక్క, దీపాలు వెలిగే విమానం, అట్ట లెక్క మందంగ ఉండే బొమ్మల పుస్తకాలు. పిల్లలు 'అమ్మమ్మా' అనుకుంట మెట్లు దిగి ఉరుకుతరు. నేను తలుపు కాడ నిలబడి ఉంట. పొద్దుగాల సంది ముడ్డి కడిగి, బువ్వ తినిపిచ్చి, బడికి పంపింది ఎవరు? ఉరికేది ఎవరి దిక్కు?

స్వాతి నవ్వుతుంది. నవ్వు. రాస్తూ నవ్వు.

నేను కూడ ఉత్త చేతులతోని రాలేదు కద. మన పందిరి కాడ కూర్చొని వెదురు బద్దలు చీరి బండి చేసిన, నువ్వు చూసినవ్. చక్రాలకు తాటి మట్ట కోసినప్పుడు నా వేలు తెగితే నువ్వే పసుపు పెట్టినవ్. పాత చీర కొంగు చింపి, బూరుగు దూది కూరి చిన్నిదానికి పిల్ల బొమ్మ కుట్టిన. ఎండిన సొరకాయతోని గిలక చేసిన. చింతగింజలు ఒలిచి, కడిగి, ఎండబెట్టి సంచినిండ తెచ్చిన.

చింతగింజలు మూడోనాడే బందైనయి. చిన్నిది ముక్కుల దోపుకుంది. అది నా తప్పే అనుకో.

బండి సంగతి వింటవా? అక్కికిచ్చిన. అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, బోర్లేసి చూసిండు.

'నాయనమ్మా, దీనికి బ్యాటరీ ఎక్కడ పెట్టాలె?'

'బ్యాటరీ లేదురా. తాడు పట్టుకొని నువ్వే గుంజాలె.'

'ఐతే నువ్వు గుంజు. నేను చూస్త.'

గుంజిన అక్కా. నీ చెల్లె ఈ వయసుల హాలు ఈ గోడ నుంచి ఆ గోడదాక బండి గుంజింది. వాడు కొంచెంసేపు చూసి కార్ల దిక్కు పోయిండు. బండి మూలకు పోయింది.

బొమ్మలైతే ఓర్చుకున్న. పుస్తకాల కాడ ఓర్చుకోలేకపోయిన.

సందెకాడ బువ్వ తిన్నంక కల్లూరామె ఫోన్ల కనిపిస్తది. పోరనికి కథ చదివి చెప్తది. ఒక పుస్తకం ఆమె కాడ ఉంటది, అసొంటిదే ఒకటి వీని కాడ ఉంటది. ఆమె చదువుతుంటే వీడు పేజీలు తిప్పుతడు. వాని చేతులు ఖాళీ ఉండాలె కద, పేజీలు తిప్పాలంటే? అందుకని ఫోను పట్టుకునేది నేను. 'వదినగారూ, కాస్త పైకి పట్టుకోండి, బాబు మొహం కనపడట్లేదు' అంటది. పైకి పడ్త. చెయ్యి గుంజుతుంటే ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ పడ్త. నా మనుమడు నా పక్కన కూర్చొని ఆమె నోట్ల నుంచి కథ వింటుంటే, ఆమెను వానికి చూపెట్టే గుంజ లెక్క నేను నిలబడ్డ. నా కడుపుల మంట ఎంతుంటదో నువ్వే ఆలోచన చెయ్యి.

ఒకనాడు ఆమెకు జ్వరమొచ్చింది, ఫోను రాలే. నాకు పండుగైంది. పుస్తకం నేనే తీసిన. బొమ్మలు చూసి కథ చెప్పొచ్చు కద అని. నక్క కనిపిచ్చింది. మన వాగు కాడ కోడిని ఎత్తుకుపోయిన నక్క సంగతి మొదలు పెట్టిన. మంచిగ గొంతు మార్చి, కోడి లెక్క అరిచి చెప్తున్న. పోరడు నా చేతుల నుంచి పుస్తకం మెల్లగ గుంజుకున్నడు.

'నువ్వు తప్పు చెప్తున్నవ్ నాయనమ్మా. ఇందుల నక్క మంచిది. అమ్మమ్మ కరెక్ట్ చదువుతది.'

పుస్తకం అటే పట్టుకొని తలుపు దగ్గర కూర్చున్నడు, ఒక్కడే. అప్పటి సంది నాకు పుస్తకమంటే పగ. చదువు రానోళ్లకు పుస్తకం మీద పగ ఎందుకుంటదో ఇంతకు ముందు నాకు తెల్వదు.

ఇంక అసలు సంగతికి వస్తున్న, సత్తెమ్మా, మంచినీళ్లు తాగి చదువు.

అక్కి పుట్టినరోజుకు కల్లూరామె పుస్తకాల బీరువా చేయిస్తుందని కబురొచ్చింది. ఉత్త బీరువా కాదు, నాలుగు అరలు, అద్దాల తలుపులు. దాన్ని ఎక్కడ పెట్టాలె? ఇల్లంత తిరిగి చూసిన్రు. మొగుడు పెండ్లాం ఇద్దరూ గుసగుసలాడుకున్నరు. ఆఖరికి రమేషు వచ్చి నెత్తి గోక్కుంటూ, 'అమ్మా, నీ మంచం కొంచెం కిటికీ దిక్కు జరుపుదామా?' అన్నడు. కొంచెమట! కిటికీ దిక్కు జరిపితే కాళ్లు తలుపుకు తగులుతయి. ఆమె పుస్తకాలకు జాగ కావాలె, నేను కాళ్లు ముడుచుకోవాలె.

ఆ ఆదివారం స్వాతికి డ్యూటీ పడ్డది. పోతూ పోతూ, 'అత్తయ్యా, బీరువా వచ్చేలోపు పాతవి కొన్ని ఇచ్చేద్దాం. ఉంచేవి ఒకవైపు, ఇచ్చేసేవి ఒకవైపు పెట్టండి, మీకు తెలుసుగా ఏది దేంట్లో ఉందో' అని చెప్పింది. అంటే పెత్తనం నాకిచ్చింది. ఇచ్చిందా లేదా? స్వాతిని అడిగితే ఇచ్చానంటుంది. రాయి, ఇచ్చానని రాయి.

పిల్లలు పక్కింటికి ఆటకు పోయిన్రు. నేను కూర్చున్న. ఉంచాల్సినవి ఏవి? నాకు అనుమానం లేదు. వెదురు బండి, దూది పిల్ల, సొరకాయ గిలక, ఇంక రమేషు చిన్నప్పటి బొంగరం. ఉంచాల్సినవాటిని మనం ఏం చేస్తం అక్కా? నీకు చెప్పక్కర లేదు గానీ స్వాతి రాసుకుంట తెలుసుకోవాలె. మన దగ్గర కంకులు విరిచినంక మంచివి ఏరి, బూడిద రాసి, నడుమ వేపాకు పెట్టి, గుడ్డల మూటగట్టి, ముడి మీద ముడి మీద ముడి వేసి దూలానికి వేలాడదీస్తం. అది విత్తనం. ఇంట్ల గింజ లేక గంజి తాగినా ఆ మూట దిక్కు ఎవరూ చెయ్యి చాపరు. తొలకరి పడేదాక ఆ ముడి ఇప్పేది లేదు. ముడి చూస్తే చాలు, పసిపోరనికి కూడ తెలుస్తది, ముట్టొద్దని. ఆ ముడి వేసుడు నాకు నేర్పింది నువ్వే.

నేను అట్లనే చేసిన. నా పాత తెల్లచీర ముక్కల బొమ్మలన్నీ పెట్టిన, కింది ఇంటోళ్ల ముందటి చెట్టు నుంచి వేపాకు తెంపుకొచ్చి నడుమ పెట్టిన, ముడేసిన. స్లాబు ఇంట్ల దూలమేడుంది? తలుపు పక్కన మొల ఉంటే దానికి కట్టిన. ఇంక కల్లూరువి, కార్లు, కుక్క, పుస్తకాలు, అన్నీ హాలు నడుమ కుప్పబోసిన. మన దగ్గర పారేసేది ముడేస్తమా? తాలు గింజ ముడేస్తమా? కుప్పబోసి వదిలేస్తం.

ఇక్కడ స్వాతి కలం ఆపింది అక్కా.

'అంటే... అమ్మ తెచ్చినవన్నీ ఇచ్చేయమని కుప్ప పోశారా?'

'అవ్.'

'అన్నీనా?'

'ఆ విమానం తప్ప. అది చిన్నిదానికి ఇష్టం.'

'నాకు చెప్పలేదేం అత్తయ్యా ఇన్నాళ్లు?'

'ఇప్పుడు చెప్తున్న కద. రాయి.'

లేచి పోయి మంచినీళ్లు తాగొచ్చింది. మొహం కొంచెం ముడుచుకుంది. వాళ్లమ్మ కద, ఉండదా? మల్ల కలం పట్టింది, మంచి పిల్ల.

ఆ రోజు సందెకు నేను పై డాబా మీది బట్టలు తీసుకొచ్చేలోపల కథ తిరిగిపోయింది. నేను చూడలే, కాళ్లు గుంజుతున్నయని అటే పోయి పండుకున్న. తెల్లారి లేచి చూస్తే మొల బోడిగ ఉంది. హాల్ల చూస్తే కుప్ప లేదు. కల్లూరు సామాన్లన్నీ గోడపొంటి వరసగ, తుడిచి, మెరిపిచ్చి, పెండ్లికి పోయేటట్టు నిలబడి ఉన్నయి. ఆ మాట్లాడే కుక్క నన్నే చూస్తుంది.

'స్వాతీ, నా మూటేదే?'

'ఏ మూట అత్తయ్యా?'

'మొలకు కట్టింది.'

'అది ఇచ్చేయడానికే కదా మీరు కట్టిపెట్టారు?'

'ఇచ్చేటిదాన్ని ముడేస్తరా ఎవరన్నా?'

'ఇవ్వనిదైతే ముడెందుకు వేస్తారత్తయ్యా? మేము బయటికి పంపేవే మూట కడతాం.'

చూసినవా అక్కా? గిట్ల కూడ ఉంటదా? ముడేసింది వాళ్లకు పోయేది, విడిగ పడి ఉన్నది వాళ్లకు ఉండేది. కుప్పబోసినవి నేను తీరుబడిగ సర్దుకునేటందుకు పెట్టిన్ననుకొని, డ్యూటీ నుంచి వచ్చి అలసిపోయి కూడ ఆమె అన్నీ తుడిచి పెట్టిందట.

అప్పుడు నాకు ఈ వివరాలన్నీ ఎక్కలే. నోటికొచ్చింది అన్న. 'మీ అమ్మవి వరసల నిలబడ్డయి, నావి గడప దాటినయి. తల్లీబిడ్డలు కలిసి నన్ను ఇంట్ల నుంచి ఊడుస్తున్నరు. ఉండు, నేనే పోత' అన్న. స్వాతికి కండ్లు నిండినయి, పనికి పోయింది. నేను బువ్వ తినలే. బజారుకు పోతే బస్సు కాడ కోటయ్య కనిపిచ్చిండు, నీకు కబురు చేసిన. సంచిల చీరలు సర్దుకున్న.

పనినుంచి రమేషు వచ్చిండు. 'అమ్మా, మూట ఇచ్చింది స్వాతి కాదు. నేనే బైకుకు తగిలిచ్చుకొని పోయి మన వాడ చివర అంగన్‌వాడీ టీచరమ్మకు ఇచ్చొచ్చిన' అన్నడు.

'ముడి చూసినవా?'

'చూసిన. గట్టిగుంది, దారిల ఊడదు అనుకున్న.'

'వేపాకు చూసినవా?'

'చూసిన. చెత్తేమో అని దులిపిన, మొత్తం పోలే.'

ఇంకేమనాలె అక్కా? కోడలి మీద అరవొచ్చు, ఆమె వేరే ఊరు, వేరే ఇల్లు. వీడు ఆ మూట కింద పుట్టినోడు. ఉయ్యాలల పండి దాన్నే చూసుకుంట పెరిగినోడు. చిన్నగున్నప్పుడే ఆశ్రమ బడికి పోయిండు, విత్తనం కట్టేనాడు ఇంట్ల లేడు, ఇప్పేనాడు ఇంట్ల లేడు. చూసిండు గానీ తెల్వలే వానికి. స్వాతి వచ్చి నా పక్కన కూర్చొని, 'రెండో శనివారం పిల్లలకీ సెలవు, నాకూ సెలవు. వెళ్లి అడిగి తెచ్చుకుందాం అత్తయ్యా. ఆ తర్వాత వెళ్తానంటే బస్సు నేనే ఎక్కిస్తాను' అన్నది. బస్సు ఎక్కిస్తానన్న మాట నచ్చలే గానీ, తెచ్చుకుందాం అన్న మాటకు ఆగిన.

శనివారం నాడు పోయినం, నేను, స్వాతి, అక్కి. చిన్నిదాన్ని తండ్రి కాడ ఇడిచిపెట్టినం. దారిపొడుగున పోరడు 'ఎక్కడికి, ఎందుకు' అని ఒకటే ప్రశ్నలు. మూట గుంజుకొని వచ్చి నేరుగ బస్టాండుకు పోవాల్నని నా మనసుల.

అంగన్‌వాడీ అంటే ఒక్క గది, బయట రేకుల షెడ్డు. లోపలికి పోంగనే టీచరమ్మ లేచి, 'బండి చేసింది మీరేనా అమ్మా? వేపాకులు చూసి, పిల్లలకు దిష్టి తగలకుండ పెట్టిన్రేమో అని ఒక రెమ్మ గుమ్మానికి కట్టిన' అన్నది. నిజంగనే కట్టింది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

పిల్లలు నా బండి గుంజుతున్నరు. ముగ్గురు గుంజుతున్నరు, ఇద్దరు తోస్తున్నరు. బండిల గిన్నెలు, చెప్పులు, ఒక పోరని టోపీ. నా దూది పిల్లను ఒక బక్క పొల్ల భుజానేసుకొని జోకొడుతుంది. ఇచ్చెయ్యమందామని నోరు తెరిచిన, ఇంతల్నే బండి చక్రం ఊడింది. ఊడిన చక్రం చూస్తూ నేను నిలబడగలనా? కింద కూర్చున్న. 'తేరా ఇటు' అన్న. ఇరుసు కొంచెం చెక్కి, చీర అంచు నుంచి దారం తీసి చుట్టి బిగిచ్చిన. ఇంక చూడు, ఒక్కొక్కరు వచ్చి మీద పడ్డరు. 'అవ్వా, నాకు ఎద్దులు చేస్తవా?' 'అవ్వా, దీని పేరేంది?' బక్క పొల్లైతే బొమ్మతో సహా నా ఒళ్లో ఎక్కి కూర్చుంది. వాగు కాడి నక్క కథ మొదలు పెట్టిన, కోడి లెక్క అరిచిన. అందరూ కోడి లెక్క అరిచిన్రు. ఆ నక్క చెడ్డదేనని ఒప్పుకున్నరు, ఒక్కరు కూడ తప్పనలే.

అప్పుడు తలుపు కాడి నుంచి ఒక కేక వినపడ్డది.

'దిగు! మా నాయనమ్మ!'

అక్కి. మొహం ఎర్రగైంది, ముక్కుపుటాలు ఎగురుతున్నయి. ఉరికొచ్చి బక్క పొల్ల చెయ్యి పట్టి గుంజిండు. ఆ పొల్ల దిగదు, ఇంకింత ఒత్తుకొని కూర్చుంది. 'అవ్వ అందరిది' అన్నది. 'కాదు, నాది! బండి కూడ నాది! మా నాయనమ్మ నాకే చేసింది!' అని కాళ్లు నేలకేసి కొట్టుకుంట ఏడ్పు లంకించుకున్నడు. బడిలున్న పిల్లలంత నోరు తెరిచి చూస్తున్నరు.

అక్కా, అబద్ధం ఎందుకు చెప్పాలె? వాడు ఏడుస్తుంటే నాకు పానం సల్లగైంది. తలుపు కాడ నిలబడి మెట్లు దిగి ఉరికే పిల్లల్ని నేనెట్ల చూసిన్ననో, గట్లనే చూసిండు వాడు నన్ను. ఆ కండ్లు నావే. ఎర్రగ ఉన్నడు, అమ్మమ్మ పోలిక అని అందరంటరు గద, ఆ మంట మాత్రం నా పోలికే.

స్వాతి వాణ్ణి ఎత్తుకోబోతే ఆగమన్న. టీచరమ్మ పాపం, 'బండి తీసుకపోండమ్మా, బాబు ఏడుస్తున్నడు' అని తెచ్చి ఇయ్యబోయింది. నేను తీసుకోలే. పుణ్యానికి కాదు అక్కా, నాకంత మంచితనం లేదని నీకు తెలుసు. ఆ బండి ఇంటికి తెస్తే మల్ల మూలకు పోతది. ఇక్కడుంటే వాడు రోజు తలుచుకుంటడు.

'అది గీళ్లది అయిపోయింది రా. నీకు కావాల్నంటే అడుగు, చేస్త.'

వెక్కుకుంటనే అన్నడు, 'నాకు చెయ్యి నాయనమ్మా. దీనికన్న పెద్దది. నేనే గుంజుత.'

నా నుంచి వాడు ఏదన్న అడుగుడు అదే మొదలు. ఇన్నాళ్లు అన్నీ నేనే ఇచ్చిన, వాడు ఒక్కటీ అడగలే.

బస్టాండుకు పోలే. ఇంటికే పోయినం. దారిల వాడు నా చెయ్యి పట్టుకున్నడు, గట్టిగ, ఎవరన్న గుంజుకపోతరేమో అన్నట్టు. స్వాతి వెనకనుంచి, 'ఇప్పుడు సంతోషమా అత్తయ్యా?' అన్నది. 'ఏం సంతోషం? కాళ్లు నొస్తున్నయి' అన్న.

ఆ సందెకు కల్లూరు నుంచి ఫోనొచ్చింది. పోరడు నా ఎదురుంగ కూర్చొని చీపురు పుల్లలు తాళ్లతోని కడుతున్నడు, బండికి నమూనా అట. నేనే ఫోను పట్టుకొని వాని మొహం ముందు పెట్టిన, పైకే పెట్టిన, ఆమె అడగకముందే. 'కన్నా, పుస్తకం తెచ్చుకో, ఇవాళ కొత్త కథ' అన్నది ఆమె. వాడు తలెత్తకుండనే, 'రేపు అమ్మమ్మా. నేను, నాయనమ్మ బిజీగున్నం' అన్నడు.

అవతల పుస్తకం మూసిన చప్పుడైంది. ఆమె, 'సరే నాన్నా, రేపే చదువుదాం' అన్నది. నవ్వుతూనే అన్నది గానీ ఆ గొంతు నేను పోల్చుకున్న అక్కా. ఇన్ని నెలల సంది నా లోపల నేను వింటున్న గొంతే అది. నాకు జాలి కలగలే. కొంచెం కలిగింది, మా స్వాతి రాస్తుంది కాబట్టి ఒప్పుకుంటున్న, కొంచెమే. 'ఉండండి, చిన్నిదాన్ని చూపెడుత' అని ఫోను తీసుకపోయి చిన్నిది పండుకున్న కాడ చూపెట్టిన. చానాసేపు చూసుకుంది.

ఇంక పంచాయితీ చెప్పు. తప్పు నాదా, వాళ్లదా, ముడిదా? నువ్వు ఏం చెప్పినా వింట, నాది అని మాత్రం అనకు.

నేను వస్తలేను. ఊడ్చిన అర్రల మిరపకాయలు పోసుకో. కోటయ్య అడిగితే, బస్సు దొరకలే అని చెప్పు. బీరువా రానీ, మంచం కూడ జరుపుత, కానీ కింది అర నాది అని స్వాతికి చెప్పిన. పిల్లల చేతికి అందేది కింది అరే. ఒప్పుకుంది.

ఈ ఉత్తరం అందంగనే సత్తెమ్మ చేత మంచి ముదురు వెదురు బద్దలు కట్ట కట్టిపిచ్చి భద్రాచలం బస్సుల పంపు. లేతవి పంపకు, విరుగుతయి. తాటి మట్టలు కూడ. బూరుగు దూది కొంచెం. ఆ బక్క పొల్లకు కూడ ఒకటి కుడదామని ఉంది. చింతగింజలు వద్దు.

బావకు నా మొక్కులు చెప్పు. మన పక్కింటి పెద్దవ్వకు, తూర్పు వాడ అత్తమ్మకు కాళ్లు మొక్కిన్ననని చెప్పు. సత్తెమ్మకు, పిల్లలకు దీవెనలు. మేకను అమ్మొద్దు, నేను వచ్చి చూసేదాక ఆగండి. చలికి చెవులకు గుడ్డ కట్టుకో.

ఆదివారం కల్లూరామె బీరువా వేసుకొని వస్తది. నీ దీవెన నా నెత్తిన ఉండాలక్కా, ఆరోజు తప్పకుండ ఉండాలె. స్వాతి అడుగుతుంది, 'మా అమ్మకి కూడా పెద్దత్తయ్యగారి దీవెన అడగనా అత్తయ్యా?' అని.

అడుగు గానీ, నా తర్వాత.

నీ చెల్లె,
ముత్తమ్మ